800 ఎంఈవీకి ఇంత హడావుడా?

ప్రశ్న: సర్, మావాడు సెంట్రల్ యూనివర్సిటీలో ఎమ్మెస్సీ ఫిజిక్స్. అమెరికాలో ఫెర్మీల్యాబ్ వాళ్ళు పిప్-2 అని కొత్త యాక్సిలరేటర్ (కణాల్ని జోరుగా పరిగెత్తించే మెషీన్) కడుతున్నారు, దానికి మన ట్రాంబే, ఇండోర్ ల్యాబుల వాళ్ళు కూడా పార్టులు చేస్తున్నారు అని ఒకటే చెప్తుంటాడు. ఎనర్జీ ఎంతరా అంటే 800 ఎంఈవీ అంట (వెయ్యి ఎంఈవీ ఒక జీఈవీ, వెయ్యి జీఈవీ ఒక టీఈవీ)! జెనీవాలో ఉన్న పెద్ద మెషీన్‌లో ఒక్కో బీమ్ (కణాల ధార) 6.8 టీఈవీ కదా, అంటే 8,500 రెట్లు. మరి ఈ చిన్నదానికి ఇన్నేళ్ళ ప్లానింగ్ ఎందుకు?
- ఒక తల్లి, కుషాయిగూడ

జవాబు: లెక్క కరెక్టేనమ్మా, కాకపోతే మీరు ట్యాంకు ఎత్తు (ఒక్కో కణం ఎనర్జీ) చూస్తున్నారు, వాళ్ళు పైపు లావు (ఎన్ని కణాలు వస్తాయి) చూస్తున్నారు. ఈ మెషీన్ అసలు పని ప్రోటాన్లని టార్గెట్‌కి కొట్టి న్యూట్రినోలనే బుల్లి కణాల్ని పుట్టించడం. న్యూట్రినోలు ఎవర్నీ పట్టించుకోకుండా భూమిలోంచి దూరిపోయే రకం, కోట్లకి కోట్లు పంపితే గానీ ఒకటో రెండో చిక్కవు, అందుకే ధార కావాలి. పైగా 800 మొదటి మెట్టే, అక్కడ్నించి బూస్టర్‌లో 8 జీఈవీ, మెయిన్ ఇంజెక్టర్‌లో 120 జీఈవీ దాకా ఎక్కిస్తారు, ఆ రెండూ ఫెర్మీల్యాబ్‌లోనే ఉన్న మెషీన్లు. చివర్లో బీమ్ పవర్ 1.2 మెగావాట్లు, అంటే మనింట్లో 2 కిలోవాట్ల గీజర్లు 600 ఒకేసారి ఆన్ చేసినట్టు, అదీ చేతివేలంత లావు కూడా లేని బీమ్‌లో.

ఇంక ప్లానింగ్ అంటారా, అసలు తలనొప్పి మెషీన్‌తో కాదు, దాని చుట్టూ వచ్చే ప్రయోగాల హాళ్ళతో. నల్లా ఒకటే, బిందెలు పట్టుకుని నిలబడ్డవాళ్ళు చాలామంది, పైగా ఎవరి పద్ధతి వాళ్ళది. డ్యూన్ అనే న్యూట్రినో ప్రయోగం వాళ్ళకి సెకనుకి కాస్త అటూఇటూగా ఒక్కసారి, కొన్ని మైక్రోసెకన్లలో మొత్తం కుమ్మరించాలి. మ్యూయాన్లనే (ఎలక్ట్రాన్‌కి బరువైన అన్నలాంటి కణాలు) కణాల్ని చూసే మ్యూ2ఈ ప్రయోగం వాళ్ళకేమో ప్రతి 1.7 మైక్రోసెకన్లకి చిన్న పల్సు, మధ్యలో చుక్క కూడా కారకూడదు, ఎందుకంటే పల్సుతో పాటు వచ్చే చెత్త పార్టికల్స్ అన్నీ పోయాక, అల్యూమినియంలో ఆగిన మ్యూయాన్లని ప్రశాంతంగా చూడాలి వాళ్ళు. ఇవన్నీ ముందే తేల్చుకోవాలి, బీమ్ మొదలయ్యాక ఆ చుట్టుపక్కల గోడ పగలగొట్టి ఇంకో పైపు వేద్దామంటే కుదరదు, రేడియేషన్. మెషీన్‌లో దారి తప్పే బీమ్ మీటరుకి 1 వాట్ దాటితే రిపేరుకి మనిషి లోపలికి వెళ్ళడమే కష్టం అని ఈ ఫీల్డ్‌లో ఒక మోటు లెక్క.

నాకు బాగా నచ్చింది గుట్ట సంగతి. డ్యూన్‌లో న్యూట్రినోల్ని పట్టే పెద్ద డిటెక్టర్ 1,300 కిలోమీటర్ల దూరంలో, సౌత్ డకోటాలో పాత బంగారు గనిలో ఒకటిన్నర కిలోమీటర్ల లోతున ఉంటుంది, భూమి గుండ్రం కాబట్టి బీమ్‌ని కిందకి వంచి కొట్టాలి. అలా వంచితే టార్గెట్ హాలు, దాని వెనక పొడవాటి పైపు భూగర్భ జలాల్లోకి దిగిపోతాయి. అందుకని ముందు మట్టి పోసి గుట్ట కట్టి, బీమ్‌ని దాని మీదకి ఎక్కించి, అక్కడ్నించి కిందకి తిప్పేలా డిజైన్ చేశారు. అటు గనిలో దాదాపు 8 లక్షల టన్నుల రాయి తవ్వడం 2024లో అయిపోయింది కూడా.

డ్యూన్‌లో మీవాడి యూనివర్సిటీ వాళ్ళూ ఉన్నారు, ఐఐటీ హైదరాబాద్ వాళ్ళూ ఉన్నారు. ఆ గ్రూపు సార్లని కలిశాడో లేదో అడగండి.