నల్లేరు కుండీలో పెడితే కుళ్లిపోతోంది, ఎందుకు?

బొబ్బిలి నుంచి తెచ్చిన నల్లేరు కాడని మేడ మీద కుండీలో పాతి రోజూ నీళ్లు పోశానని, పది రోజులకే మొదలు మెత్తబడి నల్లగా అయిపోయిందని రాశారు. ఎరువు తక్కువైందా అని మీ అనుమానం. ఎరువు కాదండీ, రోజూ పోసిన ఆ నీళ్లే. నేనూ మొదట్లో మూడు కాడల్ని అలాగే చంపుకున్నాను.

మాది రాజాం పక్క పల్లె (2022 దాకా శ్రీకాకుళం జిల్లా, ఇప్పుడు విజయనగరం). మా కళ్లం గట్టు మీద జెముడు కంచెని అల్లుకుని నల్లేరు ఉండేది. దానికి చెంబుడు నీళ్లు పోసిన నాథుడు లేడు. బండి చక్రం కింద నలిగిన ముక్క కూడా నాలుగు చినుకులు పడితే వేరు పోసేది.

ఈసారి మరీ లేతా ముదురూ కాని కాడ తీసుకోండి, రెండు మూడు కణుపులుంటే చాలు. అడుగు చివర ఏటవాలుగా, పై చివర అడ్డంగా కోసుకుంటే తలకిందులుగా పాతే బెడద ఉండదు. కోసిన వెంటనే మాత్రం పాతకండి. నాలుగు రోజులు వసారాలో నీడన పడేస్తే కోసినచోట ఆరి పెచ్చు కడుతుంది. కుళ్లు పట్టేది ఆ పచ్చి గాయం నుంచే. ఎర్రమట్టి, గరుకు ఇసుక సమపాళ్లలో కలిపి, గుప్పెడు మాగిన గెత్తం (పశువుల ఎరువు) వేసి, ఒక కణుపు మట్టిలో ఉండేలా పాతండి. మొదటి వారం నీళ్లే వద్దు. తర్వాత వేలు గుచ్చి చూసి, లోపల కూడా పొడిగా ఉంటేనే పోయండి.

మన దగ్గర దీనికి గండం ఎండాకాలం కాదు, అక్టోబరు ముసురు. 2014లో హుద్‌హుద్‌కి మా కంచె పడిపోయింది. విరిగి గట్టు మీద పడ్డ ముక్కలు సంక్రాంతికల్లా వేళ్లూని లేచాయి. ఇంటి దగ్గర కుండీల్లో నీరు నిలిచినవి మాత్రం పోయాయి. కాబట్టి తుఫాను కబురు రాగానే కుండీని చూరు కిందకి లాగేయండి.

మే నెలలో ఆకులు రాల్చేస్తే కంగారుపడి నీళ్లు గుమ్మరించకండి. నాలుగు పలకల ఆ పచ్చకాడే ఆకు పని చేసుకుంటుంది. రాత్రి చల్లబడ్డాక రంధ్రాలు తెరిచి గాలి పీల్చుకుని, పగలు మూసుకుంటుంది. అందుకే ఒంట్లో తడి పోదు. ద్రాక్ష కుటుంబం మొక్క కాబట్టి నులితీగెలు వేస్తుంది, అవి చుట్టుకోవడానికి ఓ తాడు కట్టండి. ఒట్టి గోడని పట్టుకోలేదు.

పచ్చడికైతే కొసల్లోని లేత కాడలే కోయండి. చేతులకి నూనె రాసుకుని అంచుల పీచు తీసి, నూనెలో బాగా వేయించి, చింతపండు కాస్త ఎక్కువే వేసి నూరండి. కాడలో సూదుల్లాంటి స్ఫటికాలుంటాయి. అమ్మ చెప్తున్నా వినకుండా ఒకసారి ఒట్టి చేత్తో వలిచాను, సాయంత్రం దాకా గోక్కుంటూనే ఉన్నాను.