తినగానే విరేచనం... తిన్నది ఒంటికి పట్టనట్టేనా?

ప్రశ్న: నా వయసు 34. భోజనం చేసి చెయ్యి కడుక్కునేలోపే బాత్‌రూమ్‌కి పరుగెత్తాల్సి వస్తోంది. ఒక్కోసారి మలంలో గింజల తొక్కలు అలాగే కనిపిస్తున్నాయి. తిన్నది తిన్నట్టే పోతోందని, ఒంటికి ఏమీ పట్టడం లేదని భయంగా ఉంది. ఏడాదిగా ఇదే తంతు. బరువైతే తగ్గలేదు.
– ఒక పాఠకుడు

జవాబు: మీరు చివర్లో రాసిన మాట దగ్గరే నేను ఆగాను. బరువు తగ్గలేదన్నారు. ఏడాదిపాటు తిన్నది తిన్నట్టే పోతుంటే ఈపాటికి చిక్కి సగమయ్యేవారు. తిండి మీ ఒంటికి పడుతూనే ఉంది.

మరి వెంటనే బయటికి వచ్చేదేమిటంటారా? అది ఇప్పటి భోజనం కాదు, నిన్నటిదో మొన్నటిదో. తిండి చేరి జీర్ణాశయం సాగగానే పెద్దపేగుకు కబురు వెళ్తుంది. అది ముడుచుకుని, అప్పటికే తనలో ఉన్న మలాన్ని కిందికి నెడుతుంది. దీన్ని గ్యాస్ట్రోకాలిక్ రిఫ్లెక్స్ అంటాం. పసిపిల్లలు పాలు తాగుతూ తాగుతూనే పక్క పాడుచేసేది ఇందువల్లే. అందరిలోనూ ఉండేదే, మీలో కాస్త దూకుడు ఎక్కువ.

మీరు పరుగెత్తే సమయానికి, ఇప్పుడే తిన్న ముద్ద ఇంకా జీర్ణాశయంలోనే ఉంటుంది. అక్కడ ఆమ్లంలో నాని, నలిగి, జావలా మారి కొంచెం కొంచెంగా చిన్నపేగులోకి దిగడానికే రెండు నుంచి నాలుగు గంటలు పడుతుంది. అసలు పని జరిగేది ఆ చిన్నపేగులో. సుమారు 6 మీటర్ల గొట్టం అది. క్లోమం పంపే ఎంజైములు పిండిపదార్థాన్ని చక్కెరలుగా, ప్రొటీన్‌ను అమైనో ఆమ్లాలుగా విడగొడతాయి. కొవ్వు నీళ్లలో కలవదు కదా, కాలేయం నుంచి వచ్చే పైత్యరసం దాన్ని సన్నటి బిందువులుగా చెదరగొడితేనే ఎంజైములకు లొంగుతుంది. పేగు లోపలి గోడ మఖమల్ గుడ్డలా ఉంటుంది. ఆ నూగంతా చూషకాలే, అంటే ఆహారసారాన్ని పీల్చుకునే సన్నటి మొలకలు. ఒక్కోటీ మిల్లీమీటరుకు మించదు. చక్కెరలు, అమైనో ఆమ్లాలు వాటిలోని రక్తనాళాల్లోకి చేరి కాలేయానికి వెళ్తాయి, కొవ్వు మాత్రం శోషరస (లింఫ్) నాళాల దారి పడుతుంది. పెద్దపేగుకు చేరేసరికి మిగిలేది ఎక్కువగా పీచూ నీరే.

ఇక తొక్కల సంగతి. వాటిలో ఉండేది సెల్యులోజ్. దాన్ని కరిగించే ఎంజైమ్ మనిషికి లేదు. మీకే కాదు, నాకూ అవి అలాగే వస్తాయి. ఇంకా నమ్మకం కుదరకపోతే ఓ పని చేయండి. నాలుగైదు రోజులు మొక్కజొన్న ముట్టకుండా ఉండి, ఆపైన ఒక పూట తిని సమయం రాసిపెట్టుకోండి. ఆ తొక్కలు ఎప్పుడు కనిపిస్తాయో చూడండి. చాలామందిలో ఒకటి రెండు రోజులు పడుతుంది.

ఒకేసారి కడుపునిండా కాకుండా కొంచెం కొంచెంగా తినండి, నూనె, కాఫీ తగ్గించండి. పాలు తాగిన రోజున ఎక్కువవుతోందా అన్నది కూడా గమనించండి. దీంతోపాటు కడుపులో మెలిపెట్టి, విరేచనం కాగానే నొప్పి తగ్గుతుంటే ఐబీఎస్ (ఇరిటబుల్ బవెల్ సిండ్రోమ్ అనే పేగుల సమస్య) కావచ్చు. మందులు ఉన్నాయి, ఒకసారి డాక్టర్‌కి చూపించుకోండి.

నిజంగా ఒంటికి పట్టకపోతే మలం వేరేగా ఉంటుంది. పాలిపోయి, జిడ్డుగా, భరించలేని వాసనతో, ఎన్ని నీళ్లు పోసినా అంటుకునే ఉంటుంది. అలా కనిపించినా, రక్తం పడినా, నిద్రలోంచి లేచి వెళ్లాల్సి వస్తున్నా, బరువు తగ్గడం మొదలైనా, రక్తహీనత ఉందన్నా ఆలస్యం చేయకుండా గ్యాస్ట్రోఎంటరాలజిస్టును కలవండి.