మీథేన్ తగ్గించే పరిశోధనలు మన బర్రెలకు పనికొస్తాయా?

మునుగోడు దగ్గర పది బర్రెలతో డెయిరీ పెడుతున్నానని, పశువుల త్రేన్పుల్లో వచ్చి భూమిని వేడెక్కించే మీథేన్ వాయువును తగ్గించే సముద్రపు నాచు మనకూ పనికొస్తుందా అని అడిగారు. మాది చండూరు వైపు. ఇంట్లో ఎప్పటినుంచో బర్రెలున్నాయి కాబట్టి తెలిసింది చెప్తాను.

ఆస్ట్రేలియాలో ఆస్పరగాప్సిస్ అనే ఎర్ర నాచు కలిపి మేపితే మీథేన్ 80 శాతానికి పైగా తగ్గిన మాట నిజమే. కానీ అక్కడి ప్రయోగాల్లో ఆ పశువులు తిన్నది ఎక్కువగా గింజల దాణా, మన బర్రె నమిలేది వరిగడ్డి. ఇక్కడి సరుకే కావాలంటే బెంగళూరులోని జాతీయ పశు పోషణ సంస్థ టానిన్లనే వగరు పదార్థాలున్న మొక్కలతో 'హరిత్ ధార' అనే, మేతలో కలిపే మందు తయారుచేసింది. దానితో 17 నుంచి 20 శాతం తగ్గుతుందని వాళ్ల లెక్క. దొరికితే వాడండి, కాదనను. నన్నడిగితే మాత్రం ముందు గడ్డి సంగతి చూసుకోవాలి.

ఎందుకంటే పశువు తిన్న మేతలోని శక్తిలో 2 నుంచి 12 శాతం దాకా త్రేన్పుల్లో మీథేన్‌గా పోతుంది. పీచు ఎక్కువున్న నాసిరకం మేతతో ఈ నష్టం ఇంకా ఎక్కువ. పైగా ఒట్టిపోయిన బర్రె కూడా తిని త్రేన్చేదే, పాలు మాత్రం రావు. అందుకే లీటరు పాలకు ఎంత మీథేన్ అన్న లెక్కే మనకు ముఖ్యం. సమయానికి ఎదకొచ్చి చూడి కట్టేలా చూసుకుంటే ఆ లెక్క, మీ ఖర్చు రెండూ దిగుతాయి.

మేం చేసేది యూరియా గడ్డి. వంద కిలోల వరిగడ్డికి 4 కిలోల యూరియా, 40 నుంచి 50 లీటర్ల నీళ్లలో కరిగించి, పొర మీద పొర చల్లుతూ తొక్కి, గాలి చొరకుండా పరదా కప్పేస్తాం. మూడు వారాలకు పరదా ఎత్తితే కళ్లలో నీళ్లు తిరిగేంత ఘాటు. గడ్డి ముదురు రంగుకు మారి, నలిపితే మెత్తగా ఉంటుంది. గంటసేపు ఆరబెట్టి వేయాలి. మొదట్లో బర్రెలు మూతి తిప్పుకుంటాయి, మామూలు గడ్డిలో కొంచెం కొంచెం కలుపుతూ అలవాటు చేయాలి. 3, 4 శాతమే ఉండే మాంసకృత్తులు దాదాపు రెట్టింపవుతాయి కాబట్టి పత్తి చెక్క కొంత తగ్గించుకోవచ్చు. హార్వెస్టర్ కోశాక పొలంలోనే గడ్డి తగలబెట్టేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

మన దగ్గర ఇంకో తలనొప్పి ఫ్లోరైడ్. బోరు నీళ్లే తాగితే పశువులకూ పళ్లు గారపట్టి అరుగుతాయి, కీళ్లు బిగుసుకుంటాయి, సరిగ్గా మేయలేవు. షెడ్డు కట్టకముందే నీళ్లు పరీక్ష చేయించండి. వీలైతే కుడితి గోలెంలో కృష్ణా నీళ్లు నింపండి.

ఒక్క జాగ్రత్త: ఆరు నెలలలోపు దూడలకు యూరియా గడ్డి వేయొద్దు. కలిపిన నీళ్ల బకెట్టు పశువుకు అందేచోట అసలే పెట్టొద్దు, తాగితే ప్రాణం మీదకొస్తుంది.