పంచ్ తర్వాత ఏమైంది?

తమ్ముడూ,

నీ స్టాండప్ కామెడీని పుస్తకం చేద్దామని నువ్వు రాసి పంపిన 40 పేజీలూ చదివాను, రెండుసార్లు. మొదటిసారి నీ గొంతుతోనే చదివాను. ఎక్కడ ఆగుతావో, ఎక్కడ మైకు స్టాండుని పక్కకి జరుపుతావో నాకు తెలుసు కాబట్టి హాయిగా నవ్వుకున్నాను. రెండోసారి నువ్వెవరో తెలియని మనిషిలా కూర్చుని చదివాను. పదో పేజీకి అలసట వచ్చేసింది. ఎందుకొచ్చిందో చెబుదామనే ఈ ఉత్తరం.

"పుస్తకం ఎలా ఉందన్నా?" అని అడిగావు. ఇది ఇంకా పుస్తకం కాలేదు, టైపు చేసిన సెట్, అంటే స్టేజి మీద నువ్వు చెప్పే జోకుల వరస. బాధపడకు, నేనూ అక్కడే మొదలుపెట్టాను. ఎనిమిదేళ్లు స్టేజీల మీద అరగదీసిన గంట షోని ఉన్నదున్నట్టు టైపు చేయిస్తే 28 పేజీలు తేలింది. గుండె జారిపోయింది. ఎనిమిదేళ్లకి 28 పేజీలా! పైగా వాటిలో నవ్వు లేదు. ఏ ముక్కకి హాలు లేచిపోయేదో ఆ ముక్క కాగితం మీద వెలిగించేసిన అగ్గిపుల్లలా పడి ఉంది.

తర్వాత మెల్లగా అర్థమైంది. స్టేజి మీద వాక్యంలో సగమే మనం చెప్తాం. మిగతా సగం మన మొహం చెప్తుంది, మనం ఆగడం చెప్తుంది, ముందు వరసలో పొలమారేలా నవ్వే ఒకాయన చెప్తాడు. ఆయన్ని చూసి వెనక వరస నవ్వుతుంది. ఒకరి నవ్వు ఇంకొకరికి అంటుకుంటుంది. చదివేవాడు ఒంటరిగా ఉంటాడు, పక్కన అంటించేవాడు ఉండడు. నువ్వు 'కాసేపు ఆగి' అనుకుని పెట్టిన మూడు చుక్కలని అతని కళ్లు ఒక్క గెంతులో దాటేస్తాయి.

అమెరికా హాస్య రచయిత మార్క్ ట్వేన్‌కి ఇదే తలనొప్పి అటువైపు నుంచి వచ్చింది. స్టాండప్ అనే మాట పుట్టకముందే ఆయన ఊరూరా తిరిగి టిక్కెట్లు కొన్న జనాన్ని నవ్వించినవాడు. 1884-85లో ఇంకో రచయితతో కలిసి టూరుకి బయల్దేరినప్పుడు, తన పుస్తకాలు చూసి చదివితే చాలనుకున్నాడట. పారలేదు. రాసిన వాక్యం బిగుసుకుని ఉంటుంది, నోటికి వంగదు. చివరికి పుస్తకం మూసేసి, కంఠతా పట్టి, మాట్లాడే వరసలోకి విరిచి చెప్పాల్సి వచ్చింది. కథ చెప్పేటప్పుడు ఆగే ఆ క్షణం ఎంతుండాలో అంతే ఉండాలి, కాస్త ఎక్కువైనా తక్కువైనా దెబ్బతింటుందని 1895లో ఒక వ్యాసంలో కూడా రాశాడు. అంత పెద్దాయనకే పేజీ నుంచి స్టేజికి వెళ్లడానికి అంత పని పడింది. స్టేజి నుంచి పేజీకి వచ్చే మనకి టైపు చేస్తే సరిపోతుందా?

తెలుగులో ఇంకో చిక్కుంది. మన వాక్యంలో క్రియ చివర కూర్చుంటుంది. పంచ్ మాట, అంటే నవ్వు పుట్టించే మాట, చివర పడాలి కాబట్టి, స్టేజి మీద క్రియని ముందే అనేసి అసలు మాటని ఆఖరున వదులుతాం. "పెట్టుకున్నాడండీ... జేబులో!" నోటితో అంటే అది సహజం, ఇంట్లో అందరం అలాగే మాట్లాడుకుంటాం. కాగితం మీద ఒకసారైతే ముద్దుగా ఉంటుంది. నీ రాతప్రతిలో ప్రతి పేరాలోనూ ఉంది. పదోసారికి చదివేవాడికి పంచ్ కన్నా ముందే దాని కాళ్ల చప్పుడు వినిపిస్తుంది. వాక్యాలని మామూలు వరసలో పెట్టి చూడు. అప్పటికీ నవ్వు మిగిలితే ఆ జోకులో సరుకున్నట్టు. పోతే, అంతకాలం నవ్వించింది నీ టైమింగే అన్నమాట. నా 28 పేజీలకి ఈ పరీక్ష పెడితే మిగిలినవి తొమ్మిది.

సరే, ఇవన్నీ పైపై మరమ్మతులు. అసలు సంగతి వేరే ఉంది.

మనకి శిక్షణ ఎలా జరిగిందో గుర్తు చేసుకో. ఎవరైనా ఎక్కి చెప్పుకోగల ఓపెన్ మైక్‌లో ఐదు నిమిషాలిస్తారు, నాలుగో నిమిషంలో టైమైపోతోందని వెనక నుంచి లైటు చూపిస్తారు. ప్రతి షో ఫోన్‌లో రికార్డు చేసుకుంటాం, రాత్రి ఇంటికొచ్చి వింటాం. నవ్వు రాని ప్రతి వాక్యం ఊరికే తిని కూర్చున్న చుట్టంలా కనిపిస్తుంది. కోసేస్తాం. మర్నాడు ఇంకొంచెం కోస్తాం. ఆర్నెల్లకి ఐదు నిమిషాల్లో ఇరవై నవ్వులు గట్టిగా నిలబడతాయి. ఇది గొప్ప విద్యే, కాదనను. కానీ అలా కోసి పారేసిన ముక్కలు ఏమయ్యాయని మనం ఎప్పుడూ అడగం. నీ పుస్తకం వాటిలో ఉందని నా నమ్మకం.

నా సంగతే చెబుతాను. నా షోలో బాగా ఆడిన బిట్ మా నాన్న చెవి మిషన్ మీద. నాన్నకి వినికిడి తగ్గితే మిషన్ కొనిచ్చాం. అమ్మ గొంతు పెంచిందంటే చాలు, ఆయన నెమ్మదిగా మిషన్ తీసి చొక్కా జేబులో వేసుకునేవాడు. కొన్నాళ్లు చూసి అమ్మ ఒక ఉపాయం కనిపెట్టింది. ముందు దగ్గరికెళ్లి జేబులోంచి మిషన్ తీసేది, ఆయన చెవిలో జాగ్రత్తగా పెట్టేది, "వినిపిస్తోందా?" అని అడిగేది. ఆయన తలూపాక తిట్టడం మొదలుపెట్టేది. ఆ తలూపడం దగ్గర హాలు ఊగిపోయేది. నాలుగేళ్లు చేశానా బిట్. అమ్మ పోయాక కూడా చేశాను. ఆ బిట్‌లో ఆవిడ రోజూ తిట్టడానికి సిద్ధంగా నిలబడే ఉండేది మరి.

స్టేజి మీద చెప్పనిది ఇది. అమ్మ పోయాక నాన్న ఆ మిషన్ తీయడం మానేశాడు. పడుకునేటప్పుడు తీసేయమని డాక్టరు చెప్పినా వినలేదు. ఒక రాత్రి నీళ్లకని లేస్తే, మిషన్ దిండుకి నొక్కుకుని సన్నగా కూత పెడుతోంది. ఆయన నిద్రపోతున్నాడు. తీసి బల్ల మీద పెట్టాను. పొద్దున్నే నాతో ఒక్క మాటే అన్నాడు. "ఇంకెప్పుడూ తీయకు."

ఓసారి దీన్ని బిట్ చివర కలిపి చూశాను. హాలు చల్లబడిపోయింది. తర్వాతి రెండు జోకులకీ ఎవరూ నవ్వలేదు. మర్నాడే కోసేశాను. కోసేయడం సరైన పనే, వాళ్లు నవ్వుదామని టిక్కెట్టు కొనుక్కుని వచ్చారు. కానీ తర్వాత రాయడానికి కూర్చుంటే నా చెయ్యి కదిలింది ఆ కూత దగ్గర్నుంచే. జేబులోంచి మిషన్ తీసే ముక్క పుస్తకంలో కూడా ఉంది. పన్నెండు పేజీల ముందు దానికి నవ్విన మనిషే ఆ రాత్రి దగ్గరికొచ్చేసరికి పేజీ తిప్పడం ఆపుతాడు.

ఈ మాటని నాకన్నా గట్టిగా స్టేజి మీదే చెప్పినవారు ఆస్ట్రేలియా స్టాండప్ కమెడియన్ హన్నా గాడ్స్‌బీ. 'నానెట్' అనే ఆ షో 2018లో నెట్‌ఫ్లిక్స్‌లో వచ్చింది. జోకుకి రెండు భాగాలు చాలు, కథకి మూడు కావాలి, జోకు కోసం ఆ మూడోదాన్ని వదిలేస్తూ వచ్చానని అందులో అంటారు. బస్‌స్టాప్ దగ్గర తనని మగవాడనుకుని గొడవకొచ్చినవాడు, ఆడమనిషని తెలిసి వెనక్కి తగ్గిన ఉదంతాన్ని మొదట జోకుగా చెప్పి నవ్విస్తారు. గంట గడిచేలోపు మళ్లీ అక్కడికే వస్తారు. నిజానికి వాడు తిరిగొచ్చి కొట్టాడు. ఆ ముక్క చెబితే నవ్వు పుట్టదు కాబట్టి ఇన్నాళ్లూ చెప్పలేదు. తన జీవితం మీద పుస్తకం 2022లో వచ్చింది.

నీ ప్రతి బిట్ పక్కనా ఒకే ప్రశ్న రాసుకో: పంచ్ తర్వాత ఏమైంది? చాలావాటికి 'ఏమీ కాలేదు' అనే జవాబు వస్తుంది. అవి మంచి జోకులు, వాటిని స్టేజికే ఉంచు. పదింట్లో ఒకటో రెండో ఉంటాయి, జవాబు రాయబోతే పెన్ను ఆగిపోయేవి. అవి చాప్టర్లు.

అలాగని నవ్వు మానేసి ఏడుపు మొదలెట్టమనడం లేదు. పుస్తకం అనగానే మనవాళ్లకి ఒక గంభీరం వచ్చేస్తుంది. నవ్వించేవాడిగా ఉండి ఉండి చిన్నచూపు పడ్డామనే బాధతో, తత్వం దంచేస్తారు. నీ ముందుమాటలో ఆ లక్షణాలు కనిపించాయి. తీసెయ్. స్టాండప్ కమెడియన్ ట్రెవర్ నోవా సంగతి చూడు. నల్లజాతి తల్లికీ తెల్లజాతి తండ్రికీ దక్షిణాఫ్రికాలో, అలాంటి కలయికే నేరమైన రోజుల్లో 1984లో పుట్టాడు. ఆ పుట్టుక మీద స్టేజి మీద ఎన్నో ఏళ్లు జోకులేశాడు. 2016లో వచ్చిన పుస్తకంలో అదే సరుకు, కానీ కేంద్రంలో వాళ్లమ్మ వచ్చి కూర్చుంది. చివరి చాప్టర్‌లో సవతి తండ్రి ఆమెని తుపాకీతో కాలుస్తాడు. తలకి గాయంతో ఆసుపత్రిలో పడి ఉండి, ఏడుస్తున్న కొడుకుతో ఆమె అంటుంది: ఇక ఇంట్లో అందగాడివి నువ్వేలే అని. అంతకుముందు అన్ని పేజీలు ఆమె ఎలాంటి మనిషో మనం చూసి ఉండకపోతే ఆ మాటకి నవ్వూ రాదు, ఏడుపూ రాదు. స్టేజి మీద ఒక మనిషిని రెండు వాక్యాల్లో నిలబెట్టేస్తాం. అక్కడ కావలసింది బొమ్మే. పుస్తకంలో ఆ బొమ్మ కూర్చోవాలి, లేవాలి, మనం అనుకోని పని ఒకటి చెయ్యాలి.

తొందర గురించి ఒక మాట. అమెరికా కమెడియన్ స్టీవ్ మార్టిన్ 18 ఏళ్లు స్టాండప్ చేశాడు. అందులో పదేళ్లు నేర్చుకోవడానికి, నాలుగేళ్లు నునుపు చేసుకోవడానికి, నాలుగేళ్లు పేరు అనుభవించడానికి పోయాయని తనే లెక్క చెప్పాడు. 1981లో స్టాండప్ వదిలేశాడు. ఆ రోజుల గురించి పుస్తకం వేసింది 2007లో. నిన్ను ఇరవై ఆరేళ్లు ఆగమనను కానీ, నిన్న రాత్రి జరిగింది ఇవాళ సెట్‌లో పెట్టే మన అలవాటు ఇక్కడ పనికిరాదు. నీ ముప్పయ్యో పేజీలో ఉన్న బ్రేకప్ చాప్టర్ ఇంకా కాలుతోంది. అందులో ఆ అమ్మాయికి నువ్వు ఒక్క మంచి మాట కూడా ఇవ్వలేదు. స్టేజి మీదైతే జనం నీ వైపు ఉంటారు, మైకు నీ చేతిలో ఉంది కాబట్టి. చదివేవాడు తీరిగ్గా కూర్చుని ఇద్దరినీ చూస్తాడు.

పబ్లిషర్ల సంగతి అడిగావు. నీకు ఫాలోవర్లున్నారు, ఎవరో ఒకరు వేస్తారు. 'మీరు మాట్లాడండి, మావాళ్లు రాసిపెడతారు' అని కూడా అంటారు. నన్నూ అడిగారు. అలా వచ్చిన పుస్తకాలు షో అయ్యాక బయట బల్ల మీద బాగానే అమ్ముడవుతాయి, అభిమాని సంతకం కోసం కొంటాడు. జోకులే పుస్తకంగా వేస్తానంటే అది వేరే దారి, అందులో తప్పు లేదు. అమెరికా కమెడియన్ జెర్రీ సైన్‌ఫెల్డ్ 2020లో తన జోకులని దశాబ్దాలవారీగా పేర్చి అలాగే వేశాడు. అది కాగితాలన్నీ దాచుకున్న మనిషి లెక్కల పుస్తకం, తను దాన్ని ఇంకేదో అని చెప్పుకోలేదు. నీ దగ్గర అన్ని దశాబ్దాలు లేవు కదా.

ఇంకో జాగ్రత్త. చాప్టర్ పూర్తవగానే నలుగురు స్నేహితులని కూర్చోబెట్టి చదవకు. నీకు చదవడం బాగా వచ్చు, గొడవంతా అక్కడే. నేను మొదటి డ్రాఫ్ట్ అలా చదివి వినిపించి, వాళ్లు పడీపడీ నవ్వితే, పని అయిపోయిందనుకుని ఒక ఏడాది పోగొట్టుకున్నాను. వాళ్లు నవ్వింది నా కనుబొమ్మలకి. ఇప్పుడు కాగితాలు వేరేవాళ్ల చేతికిచ్చి, ఏ భావం లేకుండా పైకి చదవమంటాను. నేను గోడవైపు తిరిగి వింటాను. నరకంలా ఉంటుంది. కానీ ఎక్కడ నాకే విసుగొస్తుందో ఇట్టే తెలిసిపోతుంది.

మొదటి రెండు మూడు నెలలు పిచ్చెక్కుతుంది, అది మాత్రం ముందే చెబుతున్నాను. రోజూ రాత్రి నవ్వు వినడం అలవాటైన ప్రాణం. రాసిన వాక్యానికి జవాబు రాదు. నిజంగా బాగుందో లేదో చెప్పేవాడు ఉండడు. ఆ టెన్షన్‌లో నేను ప్రతి పేరా చివరా ఒక పంచ్ తగిలించేవాణ్ణి, ఎదురుగా ఎవరో లేచి వెళ్లిపోతున్నట్టు. నువ్వూ అదే చేశావు. వారానికి ఒక షో పెట్టుకో, ఆకలి అక్కడ తీరుతుంది. అప్పుడు పేజీని నవ్వించమని పీడించవు.

ఇక నీ 17వ పేజీ. పరీక్ష తప్పిన రోజు గురించి రాశావు. లెక్కల మాస్టారు బ్రహ్మాండంగా ఉన్నాడు, ఆ బిట్ స్టేజి మీద కూడా చూశాను. కానీ ఆయన రావడానికి ముందు ఒక వాక్యం రాశావు: 'ఆ రోజంతా అక్క నాతో మాట్లాడలేదు.' వెంటనే మాస్టారి మీదకి దూకేశావు. ఈ 40 పేజీల్లో నేను వెనక్కి తిరిగి మళ్లీ చదివిన వాక్యం ఇదొక్కటే. షోలో ఇది లేదు. ఎప్పుడో కోసేసి ఉంటావు.

అక్క ఎందుకు మాట్లాడలేదో నీకు తెలుసా? ఊహించి రాయకు. ఫోన్ చేసి అడుగు. ఆమెకి గుర్తున్నది నీకు గుర్తున్నదానితో కలవకపోవచ్చు, అదీ రాసుకో. రాయడానికి ఒప్పుకుంటుందో లేదో కూడా అప్పుడే అడుగు. స్టేజి మీద 'మా అక్క' అంటే ఆ రాత్రితో పోతుంది, పుస్తకంలో అయితే ఆమె పిల్లలు కూడా చదువుతారు. సరేనంటే ఆ ఒక్క చాప్టరే మళ్లీ రాసి పంపు. ప్రింటు తీసి పంపు, ఫోన్‌లో నేను చదవలేను. లెక్కల మాస్టారిని అంతవరకూ క్లాసు బయట నిలబెట్టు.

నీ
అన్న