కర్సర్ బ్లింక్ వేగం పెంచితే కళ్లు లాగుతున్నాయి, టైప్ చేస్తుంటే గెంతుతోంది. ఏం చేయాలి?

మీరు రాసినదాన్ని బట్టి నాకు అర్థమైంది ఇది. బెంగళూరు ఎలక్ట్రానిక్ సిటీలో ఉద్యోగం, ఆఫీసు వాళ్లిచ్చిన విండోస్ 11 ల్యాప్‌టాప్. టెక్స్ట్ కర్సర్, అంటే టైప్ చేసే చోట కొట్టుకునే సన్న గీత, సరిగా కనపడటం లేదని దాని బ్లింక్ వేగం పెంచారు. ఇప్పుడు సాయంత్రమయ్యేసరికి కళ్లు లాగుతున్నాయి. అది చాలదన్నట్టు టైప్ చేస్తుండగా కర్సర్ ఉన్నట్టుండి పై లైన్లోకి ఎగిరిపోతోంది. తెలుగులో టైప్ చేసేటప్పుడైతే ఇంకా ఘోరం, కర్సర్ "మొరాయిస్తోంది" అన్నారు. ఇంట్లో ఉబుంటు (విండోస్‌కు బదులు వాడే మరో ఆపరేటింగ్ సిస్టమ్) కూడా ఉందన్నారు. కళ్లు లాగడం, గెంతడం వేర్వేరు సమస్యలు, వాటి కారణాలకు ఒకదానితో ఒకటి సంబంధం లేదు. తెలుగులో ఇబ్బంది కొంత ఆ గెంతడం వల్ల, కొంత మన లిపి వల్ల. నేను మారతహళ్లిలో ఉంటాను, తెలుగు అనువాదాలు, సబ్‌టైటిళ్ల పని చేస్తాను. రోజంతా ఆ సన్న గీతను చూస్తూ బతికేవాణ్ణి కాబట్టి ఈ తిప్పలన్నీ నాకు పరిచయమే.

ముందు బ్లింక్ సంగతి. విండోస్ కీ, ఆర్ కలిపి నొక్కండి. వచ్చిన చిన్న పెట్టెలో ఇంగ్లీషులో కంట్రోల్ అని రాసి, ఒక స్పేస్ ఇచ్చి, కీబోర్డ్ అని రాసి ఎంటర్ కొట్టండి. కీబోర్డ్ ప్రాపర్టీస్ అనే పాతకాలపు కిటికీ తెరుచుకుంటుంది. కింది భాగంలో కర్సర్ బ్లింక్ రేట్ అని ఒక స్లైడర్, దాని పక్కనే నమూనాగా కొట్టుకుంటూ ఒక నిలువు గీత ఉంటాయి. స్లైడర్‌ను కదుపుతూ ఆ గీతను చూడండి, ఎంత వేగమో అక్కడే తెలిసిపోతుంది. విండోస్‌తో వచ్చే మామూలు విలువ 530 మిల్లీసెకన్లు. గీత అంతసేపు కనపడి, అంతసేపు మాయమవుతుంది, అంటే ఒక పూర్తి బ్లింక్‌కు సెకను కన్నా కాస్త ఎక్కువే పడుతుంది. స్లైడర్‌ను కుడి చివరకు లాగితే అది 200కి దిగుతుంది, సెకనుకు రెండున్నర సార్లు కొట్టుకుంటుంది. మీరు పెట్టుకున్నది ఇదే అయ్యుంటుంది. తెల్లటి పేజీ మీద పొద్దస్తమానం అలా టపటపలాడుతుంటే కళ్లు లాగక ఏం చేస్తాయి?

నా సలహా మీరు చేసినదానికి పూర్తిగా ఉల్టా. స్లైడర్‌ను ఎడమ చివరకు, నన్ అని ఉన్నచోటికి తీసుకెళ్లండి. బ్లింక్ పూర్తిగా ఆగిపోతుంది, గీత మాత్రం కదలకుండా అక్కడే ఉంటుంది. అసలు ఈ మిణుకుమిణుకు ఎందుకు పుట్టిందంటే, పాత ట్యూబు తెరల మీద అక్షరాల గుంపులో మనం ఎక్కడున్నామో కనిపెట్టడానికి. స్పెరీ రాండ్ కంపెనీ ఇంజినీరు చార్లెస్ కీస్లింగ్ 1967లో దీనికి పేటెంటు దరఖాస్తు పెట్టారు, 1970లో వచ్చింది. అప్పట్లో కంటికి ఆనడానికి వేరే దారులు పెద్దగా లేవు. ఇప్పుడు రంగు ఉంది, మందం ఉంది. కదిలే వస్తువు కన్నా పెద్ద వస్తువు కంటికి సుఖం.

మందం ఎక్కడ పెంచాలంటే, సెట్టింగ్స్‌లో యాక్సెసిబిలిటీ, అందులో టెక్స్ట్ కర్సర్. విండోస్ 10లో అయితే ఈజ్ ఆఫ్ యాక్సెస్ కింద ఉంటుంది. అక్కడ థిక్‌నెస్ స్లైడర్ 1 నుంచి 20 దాకా వెళ్తుంది. దానితోపాటు ఇండికేటర్ అనే స్విచ్ ఒకటి ఉంది, 2020లో వచ్చిన అప్‌డేట్‌తో చేరింది. అది ఆన్ చేస్తే కర్సర్‌కు పైనా కిందా రంగు బొట్లు వస్తాయి. రంగు, సైజు మన ఇష్టం.

మా అపార్ట్‌మెంట్‌లో అనంతపురం నుంచి వచ్చిన మాస్టారు ఒకాయన ఉన్నారు, కొడుకు దగ్గర ఉంటారు. కంటి శుక్లాల ఆపరేషన్ తర్వాత తన జ్ఞాపకాలు టైప్ చేసుకుంటున్నారు. "ఆ గీత యాడుందో కానరాదు నాయనా, అక్షరం పడినాకే తెలుస్తుంది" అన్నారు ఒకరోజు. థిక్‌నెస్ ముందు 20కి లాగాం. గీత కాస్తా దిమ్మె అయిపోయి పక్క అక్షరం మీద కూర్చుంది. తెలుగులో ఇది పెద్ద ఇబ్బంది, ఏ ఒత్తు ఎక్కడుందో, దీర్ఘం పడిందో లేదో దాని కింద కనపడదు. తగ్గించుకుంటూ వచ్చి 5 దగ్గర ఆపాం. ఇండికేటర్‌కు ఊదా రంగు ఆయనే ఎంచుకున్నారు. బ్లింక్ ఆపేశాం. ఇప్పుడు పిలవడం మానేశారు, అదే నాకు సర్టిఫికెట్. మీకు కూడా 3, 5 మధ్యలో ఎక్కడో సరిపోతుందని నా అంచనా. అయితే ఇండికేటర్ అన్ని ప్రోగ్రాముల్లోనూ కనిపించదు, అది గుర్తుంచుకోండి.

బ్లింక్ ఉంచుకునేవాళ్లకు ఒక మాట. నోట్‌ప్యాడ్ లాంటివాటిలో ఏమీ టైప్ చేయకుండా 5 సెకన్లు ఊరుకుంటే గీత తనంతట తానే కొట్టుకోవడం ఆపేస్తుంది. సిస్టమ్ హ్యాంగ్ అయిందని టెన్షన్ పడక్కర్లేదు, విండోస్ తీరే అంత.

ఇక గెంతడం. దీనికి బ్లింక్‌తో పనిలేదు, పదింట తొమ్మిదిసార్లు దోషి టచ్‌ప్యాడే. టైప్ చేసేటప్పుడు మీ బొటనవేలి మొదలు ఎక్కడ ఆనుతోందో ఒకసారి చూసుకోండి. అది తగిలినప్పుడల్లా ల్యాప్‌టాప్ దాన్ని క్లిక్ అనుకుంటుంది. ఆ క్షణంలో మౌస్ బాణం ఏ లైను మీద ఉంటే కర్సర్ అక్కడికి దూకుతుంది. తెలుగులో ఎందుకు ఘోరం అంటే, ఫొనెటిక్ కీబోర్డులో (ఇంగ్లీషు అక్షరాలు కొడితే తెలుగు పడేది) స్పేస్ కొట్టేదాకా పదం ఇంకా తయారవుతూనే ఉంటుంది. మధ్యలో కర్సర్ దూకితే సగం పదం ఇక్కడ, మిగతా సగం ఇంకో పేరాలో పడుతుంది. సెట్టింగ్స్‌లో బ్లూటూత్ అండ్ డివైసెస్, అందులో టచ్‌ప్యాడ్, ట్యాప్స్ తెరిచి సెన్సిటివిటీని లో చేయండి. అప్పటికీ గెంతితే ఒక వేలితో ట్యాప్ చేస్తే క్లిక్ అయ్యే ఆప్షన్‌లో టిక్ తీసేయండి, నొక్కితేనే క్లిక్ అవుతుంది. మౌస్ వాడే అలవాటుంటే అదే పేజీలో, మౌస్ తగిలించినప్పుడు కూడా టచ్‌ప్యాడ్ పనిచేయాలన్న టిక్ తీసేస్తే పీడా పోతుంది.

సెట్టింగ్స్ మార్చినా తగ్గకపోతే ల్యాప్‌టాప్‌ను చదునైన బల్ల మీద పెట్టి, నాలుగు మూలలూ ఆనుతున్నాయో లేదో చూడండి. నా స్నేహితుడిది ఇలాగే గెంతేది. డ్రైవర్ తీసేసి మళ్లీ వేశాడు, విండోస్ కూడా కొత్తగా వేయించాడు. ఆఖరికి ఎస్పీ రోడ్డులో రిపేర్ చేసే కుర్రాడు మూత తెరిచి చూడకుండానే టచ్‌ప్యాడ్ అంచు మీద గోరు పెట్టి గీశాడు. ఒక పక్క చట్రం కన్నా కొద్దిగా పైకి లేచి ఉంది. "బ్యాటరీ ఉబ్బింది సార్, కింద నుంచి తోస్తోంది" అన్నాడు. అదే నిజమైంది. మీది కూడా అలా ఉంటే ఛార్జింగ్ పెట్టకండి, నొక్కి కూర్చోబెట్టే ప్రయత్నం అసలే వద్దు. ఉబ్బిన లిథియం బ్యాటరీకి నిప్పంటుకునే ప్రమాదం ఉంది. ఆఫీసు ల్యాప్‌టాప్ కాబట్టి ఆపేసి ఐటీ వాళ్లకు అప్పగించండి.

ఛార్జర్ పెట్టినప్పుడు మాత్రమే గెంతుతుంటే అది వేరే కథ. చవక ఛార్జరు గానీ, ఎర్తింగ్ సరిగా లేని ప్లగ్గు గానీ ఉంటే టచ్‌ప్యాడ్ పిచ్చిపిచ్చిగా స్పందిస్తుంది. మన బెంగళూరు పీజీల్లో మూడో పిన్ను పేరుకే ఉంటుంది కదా. ప్లగ్గు తీసి కాసేపు బ్యాటరీ మీద పనిచేసి చూస్తే తేలిపోతుంది.

తెలుగులో కర్సర్ "మొరాయిస్తోంది" అన్నారు చూడండి, అందులో కొంత రోగమే కాదు. "స్త్రీ" అన్నది మనకు ఒకే అక్షరం, కంప్యూటర్‌కు ఆరు ముక్కలు: స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘం. విండోస్‌లో బ్యాక్‌స్పేస్ సాధారణంగా ఒక్కో ముక్కనే చెరుపుతుంది, అందుకే ఆరుసార్లు నొక్కాలి. బాణం కీతో కదిలేటప్పుడు కొన్ని ప్రోగ్రాములు అక్షరం మొత్తాన్ని ఒక్క దూకుతో దాటిస్తాయి, కొన్నింట్లో అక్షరం నడుమ ఆగి కదలనట్టు కనిపిస్తుంది. "సాఫ్ట్‌వేర్" లాంటి మాటల్లో ట్ తర్వాత వ ఒత్తుగా మారకుండా కనపడని గుర్తు ఒకటి ఉంటుంది. పదం చివర్నుంచి చెరుపుకుంటూ వస్తే అక్కడ ఒక బ్యాక్‌స్పేస్ వృథా పోయినట్టు అనిపిస్తుంది. పోయింది ఆ గుర్తే. కీబోర్డు చెడిపోలేదు.

మరో రెండు చిన్న విషయాలు. టైప్ చేస్తుంటే కర్సర్ తర్వాత ఉన్న అక్షరాలు మాయమైపోతుంటే ఇన్‌సర్ట్ కీ తగిలిందన్నమాట, మళ్లీ ఒకసారి నొక్కండి. వర్డ్‌లో కింది పట్టీ మీద రైట్ క్లిక్ చేసి ఓవర్‌టైప్ టిక్ పెట్టుకుంటే ఏ మోడ్‌లో ఉన్నారో కనపడుతుంది. వెబ్ పేజీలో, టైప్ చేసే చోటే కాని చోట గీత కొట్టుకుంటుంటే ఎఫ్7 నొక్కండి. వెబ్ పేజీలో ఇలా గీతతో తిరగడాన్ని క్యారెట్ బ్రౌజింగ్ అంటారు, క్రోమ్, ఎడ్జ్, ఫైర్‌ఫాక్స్ మూడింట్లోనూ దానికి అదే కీ.

ఆఫీసులో రిమోట్ డెస్క్‌టాప్ (వేరేచోట ఉన్న మెషీన్‌ను మీ తెర మీద తెరిచి వాడటం) మీద పనిచేస్తుంటే బ్లింక్ వేగం అవతలి మెషీన్‌లో మార్చాలి. నెట్ నెమ్మదిగా ఉంటే అక్కడ గీత ఆగి ఆగి కొట్టుకోవడం మామూలే. ప్రతి బ్లింక్‌కూ తెరలో ఆ ముక్క మళ్లీ ఇవతలికి రావాలి కదా, ఆపేయడమే మేలు. ఈ స్లైడర్ మీ యూజర్ అకౌంట్‌కు మాత్రమే వర్తిస్తుంది కాబట్టి మామూలుగా అడ్మిన్ పాస్‌వర్డ్ అడగదు. రిజిస్ట్రీలో (విండోస్ తన సెట్టింగులు దాచుకునే చోటు) విలువ మార్చమని చెప్పే వీడియోలు బోలెడున్నాయి, స్లైడర్ చేసే పనికి అంత దూరం వెళ్లడం దండగ.

ప్రోగ్రాములు రాసే ఎడిటర్ వీఎస్ కోడ్ మాత్రం విండోస్ మాట వినదు. దాని సెట్టింగ్స్‌లో కర్సర్ బ్లింకింగ్ అని వెతికి సాలిడ్ ఎంచుకోండి. 2017లో ఈ ఎడిటర్ ఊరికే తెరిచి ఉంచినా, కేవలం గీతను బ్లింక్ చేయడానికే సీపీయూలో 13 శాతం తినేస్తోందని ఒకరు పట్టుకుంటే పెద్ద గోల అయింది, తర్వాత సరిచేశారు. ఇంట్లో ఉబుంటు ఉందన్నారు కదా, అక్కడ యాక్సెసిబిలిటీలో టైపింగ్ కింద ఇదే స్లైడర్ దొరుకుతుంది. అక్కడ మామూలు విలువ 1200, అది వెలిగి ఆరే పూర్తి చక్రానికి లెక్క. విండోస్ 530 సగం చక్రానికి. రెండు అంకెలూ పక్కపక్కన పెట్టి ఉబుంటు నిదానమని అనుకోకండి, తేడా అంతగా ఏమీ లేదు.

ప్రమాదం దాంతోనే కాబట్టి ముందు బ్యాటరీ చూసుకోండి, తర్వాత టచ్‌ప్యాడ్, ఆ తర్వాతే మిగతావి. అప్పటికీ గెంతుతుంటే ల్యాప్‌టాప్ మోడల్, ఏ తెలుగు కీబోర్డు వాడుతున్నారు, ఛార్జర్ పెట్టినప్పుడా తీసినప్పుడా అన్నది రాయండి, చూద్దాం.