రొయ్యల ప్లాంటు ఉద్యోగం పోయింది, ఈఎస్‌ఐ డబ్బు ఆగింది: ఏం చేయాలి?

ప్రశ్న: పాలకొల్లు దగ్గర పల్లె మాది. మూడేళ్లు రొయ్యల ప్లాంటులో ప్యాకింగ్‌లో చేశాను. నెలకు 15 వేలు. అమెరికా సుంకాలు పెరిగి ఆర్డర్లు లేవంటూ 2025 ఆగస్టు ఆఖర్లో ఇక రావద్దన్నారు. అక్టోబరులో నెట్ సెంటర్‌లో ఈఎస్‌ఐ నిరుద్యోగ భృతికి అప్లై చేశాను. డిసెంబరు వచ్చింది, ఇంకా పెండింగ్ అనే చూపిస్తోంది. పీఎఫ్ మొత్తం తీసేద్దామంటారు మా ఆయన. డ్వాక్రా కిస్తీ, అబ్బాయి కాలేజీ ఫీజు ఉన్నాయి. ఏం చేయమంటారండి?

జవాబు: ముందు ఒక మాటమ్మా. ఎన్నికల్లో యువతకు ఇస్తామన్న నెలకు 3 వేల నిరుద్యోగ భృతికీ, మీరు అడిగినదానికీ సంబంధం లేదు. సచివాలయంలో అడిగితే వాళ్లు ఆ భృతి గురించే చెబుతారు. మీది ఈఎస్‌ఐ వాళ్ల ‘అటల్ బీమిత్ వ్యక్తి కల్యాణ్ యోజన’. 2018 జులైలో మొదలైంది. మొదట్లో సగటు జీతంలో 25 శాతం ఇచ్చేవాళ్లు, కరోనా వచ్చాక 2020లో 50 శాతం చేశారు. జీవితం మొత్తంలో 90 రోజులకే ఇస్తారు. ఉద్యోగం పోయేముందు కనీసం రెండేళ్లు ఈఎస్‌ఐలో ఉండాలి. దానికి ముందు ముగిసిన ఆరు నెలల కాంట్రిబ్యూషన్ కాలంలో 78 రోజులు, అంతకుముందు మూడు కాలాల్లో ఏదో ఒకదానిలో మరో 78 రోజులు చందా కట్టి ఉండాలి. మూడేళ్లు తెగకుండా చేశారు కాబట్టి అర్హత దగ్గర మీకు ఇబ్బంది ఉండదు.

ఎంత వస్తుందో లెక్క వేద్దాం. నాలుగు కాలాల జీతం కలిపి 730తో భాగిస్తారు. 24 నెలలూ 15 వేల చొప్పున పడితే 3,60,000. రోజుకు 493 రూపాయలు, అందులో సగం 246 చిల్లర. 90 రోజులకు దాదాపు 22,190. ఇక్కడే రొయ్యల ప్లాంటు వాళ్లకు దెబ్బ తగులుతుంది. సరుకు రాని నెలల్లో మిమ్మల్ని ఇంట్లో కూర్చోబెట్టినా భాగించేది మాత్రం 730తోనే. నాలుగు నెలలు జీతం లేకపోతే చేతికొచ్చేది 18,500కి దిగిపోతుంది. కాబట్టి ఈ డబ్బు వచ్చేదాకా దాన్ని ఇంటి లెక్కలో వేసుకోకండి.

ఇక పెండింగ్ సంగతి. నా దగ్గరికొచ్చే ఇలాంటి కేసుల్లో ఎక్కువగా చిక్కు కంపెనీ వేసిన నెలవారీ ఈఎస్‌ఐ లెక్కలోనే ఉంటోంది. పనిదినాలు సున్నా అని వేసినప్పుడు దాని పక్కన కారణం ఎంచుకోవాలి. సెలవులో ఉన్నారు, మానేశారు, తీసేశాం, పని లేదు... ఇలా వరసగా ఉంటాయి. ఒకామెకు అకౌంట్స్ కుర్రాడు రెండు నెలలు ‘పని లేదు’ అని వేశాడు. ఈఎస్‌ఐ రికార్డులో ఆమె ఇంకా ఉద్యోగి! ఉద్యోగంలో ఉన్న మనిషికి నిరుద్యోగ భృతి ఎలా ఇస్తారు? కుర్రాడికి దురుద్దేశమేమీ లేదు, సీజన్ రాగానే మళ్లీ పిలుస్తారనుకున్నాడు, అంతే.

మీరు ఈఎస్‌ఐ లాగిన్‌లో కాంట్రిబ్యూషన్ వివరాలు ప్రింటు తీయించుకుని బ్రాంచ్ ఆఫీసుకు మీరే వెళ్లండి. సెప్టెంబరు నుంచి కంపెనీ ఏ కారణం వేసిందో అడగండి. తప్పు ఉంటే ఆగస్టు ఆఖరి తేదీతో సరిచేయమని కంపెనీకి ఒక ఉత్తరం, దాని కాపీ జతచేసి బ్రాంచ్ మేనేజర్‌కు ఒక ఉత్తరం ఇవ్వండి. రెండో కాపీ మీద ఆఫీసు ముద్ర, తేదీ వేయించుకోకుండా మాత్రం తిరిగి రాకండి. ఈఎస్‌ఐ వాళ్లు ఫిర్యాదులు వినడానికి నెలకోసారి జరిపే సువిధా సమాగమంలోనూ, కేంద్రం ఫిర్యాదుల వెబ్‌సైటు పీజీ పోర్టల్‌లో ఫిర్యాదు చేసినప్పుడూ ఆ ముద్రే మీకు ఆధారం.

రెండో చిక్కు పేరు, ఖాతా. ఈఎస్‌ఐలో పుట్టింటి ఇంటిపేరు, ఆధార్‌లో అత్తింటిది, పాస్‌బుక్కులో పొడి అక్షరం ఉంటే డబ్బు ఆగుతుంది. మీ ఖాతా చైతన్య గోదావరి గ్రామీణ బ్యాంకులో ఉందా? 2025 మే 1న అది ఆంధ్రప్రదేశ్ గ్రామీణ బ్యాంకులో కలిసింది. పాత ఆంధ్రా బ్యాంకు అయితే 2020లోనే యూనియన్ బ్యాంకులో కలిసింది. నెట్ సెంటర్‌లో పాత పాస్‌బుక్కు చూసి పాత ఐఎఫ్‌ఎస్‌సీ కోడే టైపు చేసి ఉంటారు. బ్యాంకుకెళ్లి కొత్తది రాయించుకోండి.

ఇంకొకటి. క్లెయిములో ఎప్పటినుంచి ఎప్పటివరకు అని ఉందో చూడండి. రాబోయే రోజులకు ముందే అడగడానికి కుదరదు. అక్టోబరులో పెట్టారు కాబట్టి ఆ తర్వాతి రోజులకు మళ్లీ క్లెయిము పెట్టాల్సి రావచ్చు.

మీరు అడగనిది ఒకటి చెబుతాను, డబ్బులో ఇది భృతికి తీసిపోదు. ఏడాదికి పైగా తెగకుండా చేసిన కార్మికురాలిని పని లేదని తీసేస్తే, నిండిన ఒక్కో ఏడాదికి 15 రోజుల జీతం పరిహారంగా ఇవ్వాలి. మూడేళ్లకు సుమారు 22,500. నెల ముందు నోటీసు ఇవ్వకపోతే ఆ నెల జీతం కూడా. ‘చివరి జీతం కావాలంటే ఇక్కడ సంతకం పెట్టు’ అని రాజీనామా కాగితం ముందు పెడితే పెట్టకండి. ఇప్పటికే పెట్టి ఉంటే దాని కాపీ అడిగి తీసుకుని అసిస్టెంట్ లేబర్ ఆఫీసర్‌ను కలవండి.

మీ ఆయన చెప్పిన పీఎఫ్ సంగతి. ఉద్యోగం పోయింది కాబట్టి 75 శాతం వరకు తీసుకోవచ్చు. కానీ కాలేజీ ఫీజుకు ఎంత కావాలో అంతే తీయండి. అయిదేళ్ల సర్వీసు లేకుండా తీసే సొమ్ము 50 వేలు దాటితే 10 శాతం టీడీఎస్, అంటే ముందే పట్టుకునే పన్ను, కోస్తారు, మీకు పన్ను పడే ఆదాయం లేదు కాబట్టి కోయొద్దని డిక్లరేషన్ ఫారం ఇవ్వండి. పీఎఫ్‌లో కంపెనీ ఎగ్జిట్ తేదీ (ఉద్యోగం ముగిసిన తేదీ) వేయకపోతే, చివరి చందా పడిన రెండు నెలల తర్వాత మీరే వేసుకోవచ్చు. ఆ తేదీ, ఈఎస్‌ఐలో చెప్పిన తేదీ ఒకటే ఉండేలా చూసుకోండి. డ్వాక్రా కిస్తీ తప్పకముందే గ్రూపు లీడరుకు చెప్పండి. తప్పాక చెబితే మాట పడాల్సొస్తుంది.

మళ్లీ రొయ్యల పట్టుబడులు మొదలై ఏ ప్లాంటు వాళ్లయినా పిలిస్తే, భృతి పోతుందేమోనని ఆగకండి. సెప్టెంబరు 1 నుంచి లెక్కేస్తే మీ 90 రోజులు నవంబరు 29కే నిండిపోయాయి.