మిగతా నాలుగు రోజుల సంగతి చూడు

చిరంజీవి చిట్టితల్లికి,

పెద్దమ్మ దీవెనలు.

నీ ఉత్తరం అందింది. బాబును ఈ ఏడు స్కూలు మాన్పించి ఆ గ్రూపు హోమ్‌స్కూల్ ప్రోగ్రాంలో చేర్చాలా వద్దా అని అడిగావు. నువ్వు పంపిన బ్రోచర్ రెండుసార్లు చదివాను. సబ్జెక్టులు, డిబేట్లు, చూడకుండా ప్రపంచ పటం గీయించడం, అన్నీ పద్ధతిగా ఉన్నాయి. కానీ వాళ్ళు కలిసేది వారానికి ఒక్క రోజే. మిగతా నాలుగు రోజులు చదువు నడిచేది మీ ఇంట్లో. నేను రాసేదంతా ఆ నాలుగు రోజుల గురించే అనుకో.

మా పెద్దదాన్ని పన్నెండో ఏట ఇలాంటి గ్రూపులోనే వేశాను. ప్లానంతా వాళ్ళే ఇస్తున్నారు కదా అని మొదట్లో ప్రాణం హాయిగా ఉండేది. వారం పని మొత్తం ఒక కాగితం మీద గళ్ళు గీసి ఇచ్చేవాళ్ళు, అది ఫ్రిజ్ తలుపుకి అంటించేదాన్ని. గ్రూపు రోజుకి ముందు రాత్రి చూస్తే ప్రతి గడిలోనూ టిక్కు ఉండేది. తొమ్మిదో వారం అనుకుంటా, పాత కాగితం పీకి పారేయబోతూ ఎందుకో దగ్గరగా చూశాను. నాలుగు రోజుల టిక్కులూ ఒకే పెన్నుతో, ఒకే వాలులో, ఒక్క ఊపులో పెట్టినట్టున్నాయి. లెక్కల నోటుబుక్కు తెరిచాను. మూడు వారాల కిందటి పేజీ దగ్గరే ఆగిపోయి ఉంది.

అడిగితే ఏడ్చేసింది. "ఎక్కడ మొదలుపెట్టాలో తెలీలేదమ్మా" అంది. అబద్ధపు టిక్కులు పెట్టినందుకు ముందు కోపం వచ్చిన మాట నిజమే. తర్వాత ఆలోచిస్తే తప్పు నాదేనని తెలిసింది. అంతవరకు ఏ గంటలో ఏం చదవాలో పెద్దవాళ్ళు చెబితే చదివిన పిల్ల. ఆరు సబ్జెక్టుల పనిని నాలుగు రోజులకి తనే పంచుకోమంటే ఎలా పంచుకుంటుంది? అది కూడా నేర్పాల్సిన విద్యే, దాన్ని ఆ గ్రూపులో ఎవరూ నేర్పడం లేదు. ఆ మర్నాటి నుంచి పొద్దున్నే పది నిమిషాలు ఇద్దరం కూర్చుని, ఆ ఒక్క రోజు పని చిన్న చీటీ మీద రాసుకునేవాళ్ళం. సాయంత్రం నోటుబుక్కు చూసి టిక్కు నేనే పెట్టేదాన్ని. రెండో ఏడు వచ్చేసరికి చీటీ తనే రాసుకోవడం మొదలుపెట్టింది.

అందుకని డబ్బు కట్టకముందే ఒక పని చెయ్యి. నిర్వాహకులను అడిగి పదో వారం పని కాగితం తెప్పించుకో. మొదటి వారానిది వద్దు, అది ఎప్పుడూ తేలిగ్గానే ఉంటుంది. దాన్ని నాలుగు రోజులు ఇంట్లో నిజంగా చేయించి చూడు. పది పేజీలు చదవడానికి బాబుకి ఎంతసేపు పట్టింది, ఒక పేరా రాయడానికి ఎంతసేపు, ఎన్నిసార్లు నిన్ను పిలిచాడు, అన్నీ రాసి పెట్టుకో. రోజుకి నాలుగైదు గంటల్లో తేలితే ఫర్వాలేదు. ఏడెనిమిది గంటలు పడితే మాత్రం ఆ ప్రోగ్రాం ఎంత మంచిదైనా వాడికి బరువే. ఇంటి నుంచే ఆఫీసు పని చేస్తూ చూసుకుంటానన్నావు. నీకు మీటింగులున్న రోజులు కూడా ఆ నాలుగింటిలో కలిసేలా చూసుకో. ఖాళీగా ఉన్న వారం పెట్టి చూస్తే నిజం తెలియదు.

లెక్కల గురించి గట్టిగా చెప్తున్నా, బాగా విను. చాలా గ్రూపుల్లో ఒకే వయసు పిల్లలందరికీ ఒకే లెక్కల పుస్తకం పెడతారు. ఈ వయసులో భిన్నాలు, నిష్పత్తులు, శాతాలు దాటి బీజగణితంలోకి వెళ్ళాలి. భిన్నాలు కుదరని పిల్లాడికి సమీకరణాలు ఎంత చెప్పినా తలకెక్కవు. 3/4లోంచి 2/3 తీసేయమని బాబుకి ఇచ్చి చూడు. ఎలా చేశావో నోటితో చెప్పమను. చెప్పలేకపోతే వయసు చూడకుండా వెనక్కి వెళ్ళి మొదలుపెట్టాలి. అలా వేరే పుస్తకం చేయించుకోనిస్తారా అని గ్రూపు వాళ్ళను అడుగు. ఒప్పుకోకపోతే నేనైతే చేర్చను.

పక్కన కూర్చోలేని రోజు పిల్లాడు చదివాడో లేదో ఎలా తెలుస్తుందని నీ బెంగ. పుస్తకం మూయించి, చదివింది సొంత మాటల్లో చెప్పమను. ఇంటి చదువుల వాళ్ళు ఈనాటికీ తలుచుకునే షార్లెట్ మేసన్ అనే ఇంగ్లండు ఉపాధ్యాయిని వంద ఏళ్ళ కిందటే ఇదే పద్ధతి పెట్టింది. ఐదు నిమిషాల్లో తేలిపోతుంది. బట్టీ పట్టాల్సినవి కూడా ఈ ప్రోగ్రాముల్లో ఎక్కువే. 1885లో హెర్మన్ ఎబ్బింగ్‌హాస్ అనే జర్మన్ శాస్త్రవేత్త తన మీద తనే ప్రయోగాలు చేసుకుని, బట్టీ పట్టినదాంట్లో సగానికి పైగా ఒక్క రోజులోనే జారిపోతుందని తేల్చాడు. గ్రూపు రోజుకి ముందు రాత్రి గంటసేపు వల్లె వేయించే బదులు, రోజూ పది నిమిషాలు అడుగు.

గ్రూపును చూడ్డానికి వెళ్ళేటప్పుడు కొత్తవాళ్ళ కోసం పెట్టే పరిచయ సభకి కాకుండా మామూలు రోజున వెళ్ళు, పొద్దున నుంచి సాయంత్రం దాకా ఉండు. పాఠం చెప్పేవాళ్ళు చాలాచోట్ల మనలాంటి తల్లిదండ్రులే. అది తప్పేం కాదు, కానీ పిల్లాడు ప్రశ్న అడిగినప్పుడు ఏం చేస్తారో గమనించు. భోజనాల వేళ పిల్లల దగ్గర ఊరికే కూర్చో. ఎవరు ఒంటరిగా తింటున్నారో, పెద్దవాళ్ళు అది చూస్తున్నారో లేదో తెలుస్తుంది. ఈ వయసు పిల్లలకి స్నేహితులు లేకపోతే ఏ చదువూ రుచించదు. ఎనిమిది మంది ఉన్న గ్రూపులో ఒక్కడితో కూడా కలవకపోతే, మారడానికి ఇంకో సెక్షన్ ఉండదు.

డబ్బు విషయం ఒక్కటే మాట. ఫీజు, పుస్తకాలు, రిజిస్ట్రేషను, సామగ్రి అన్నీ కలిపి లెక్క వేసుకో. మధ్యలో మానేస్తే ఎంత తిరిగిస్తారో కాగితం మీద చదివి గాని సంతకం పెట్టకు. మా చిన్నాడికి ఆ గ్రూపు పడక సగం ఏడాదిలో మాన్పించినప్పుడు పైసా వెనక్కి రాలేదు. సంతకం పెట్టిన కాగితంలో ఆ మాట ఉంది, నేనే చదవలేదు.

ఇంకోటి, ఇలాంటి ప్రోగ్రాంలో చేరినంత మాత్రాన బాబు స్కూల్లో ఉన్నట్టు కాదు. చాలాచోట్ల చట్టం దృష్టిలో బాధ్యత తల్లిదండ్రులదే. నియమాలు చోటుని బట్టి మారిపోతాయి. జర్మనీలో ఇంటి చదువుకు దాదాపు అనుమతే లేదు. అమెరికాలో అన్ని రాష్ట్రాల్లోనూ ఉంది కానీ, న్యూయార్క్‌లో మూడు నెలలకోసారి రిపోర్టు ఇవ్వాలి, టెక్సాస్‌లో ఆ గొడవే లేదు. మీ దగ్గర ఏముందో గ్రూపు వాళ్ళ నోటి మాట నమ్మకుండా విద్యాశాఖలోనే కనుక్కో. ప్రతి సబ్జెక్టులోనూ నెలకి రెండు మూడు పేజీలు తేదీ వేసి ఫైల్లో పెట్టు. రేపు మళ్ళీ స్కూల్లో వెయ్యాలన్నా అవే చూపించాలి.

బాబును అడిగావా? ఉత్తరమంతా వెతికాను, వాడేమన్నాడో ఎక్కడా లేదు. పదో వారం కాగితం వచ్చాక ముందు వాడి చేతికే ఇచ్చి చదవమను. నాలుగు రోజులూ అయ్యాక నువ్వు రాసుకున్న గంటల లెక్కతో పాటు వాడి మాట కూడా నాకు రాసి పంపు, ఆ ఆదివారం ఫోన్లో తీరిగ్గా మాట్లాడుకుందాం.

ఇట్లు,
నీ పెద్దమ్మ